కాకి ముట్టేదాకా

ఏటి ఒడ్డున పిండం పెట్టి అందరూ నాలుగడుగులు వెనక్కి జరుగుతారు. కాకి రావాలి. వచ్చిన కాకి చెట్టుమీద కూర్చుని చూస్తుందే గాని దిగదు. ఎండెక్కుతుంది. అప్పుడు ఇంటి పెద్దావిడ ఒకరు గాలిలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెడుతుంది. "సిన్నదాని పెళ్ళి గురించా? మేం సేత్తాం, నువ్వు బెంగెట్టుకోకు." కాకి కదల్దు. "తోట అమ్మంలే." కదల్దు. చివరికి కొడుకు ముందుకొచ్చి, "తమ్ముడితో మాటలు మానీసినాను, అదేనా? ఈ యేల్టి నుంచీ మాటాడతాను" అంటాడు. కాకి దిగి మెతుకు ముడుతుంది. నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదులుతారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. కాకికి ఆకలేసింది, దిగింది, అంతేనని హేతువాది అంటాడు. కాదనక్కర్లేదు. కానీ ఆ అరగంటలో ఇంకొకటి కూడా జరిగింది. ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఎవరూ పైకి అనని మాటలు నలుగురి ఎదుటా బయటపడ్డాయి. మాట ఇచ్చింది పోయినవాడికి, విన్నది ఉన్నవాళ్ళు. రేపు తమ్ముడితో మాట్లాడకపోతే అడగడానికి సాక్షులున్నారు.

చావుతో రాజీపడటం అంటే ఏమిటి? మరిచిపోవడమా, గుర్తుపెట్టుకోవడమా? పోగొట్టుకున్నదానిలో అర్థం దొరుకుతుందా, లేక బతకడం కోసం మనం కల్పించుకుంటామా? ఈ ప్రశ్నలకు ప్రపంచమంతటా పుస్తకాలున్నాయి. ఉత్తరాంధ్రలో పుస్తకాలకు ముందునుంచీ ఆచారాలున్నాయి, జాతరలున్నాయి, రాళ్ళున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

పుస్తకాల మాట

ఆధునిక మనస్తత్వశాస్త్రంలో ఈ చర్చకు మొదటి మెట్టు 1917లో సిగ్మండ్ ఫ్రాయిడ్ రాసిన వ్యాసం. పోయిన మనిషి మీద అల్లుకున్న మనసును పోగు పోగుగా విడదీసుకుని, తిరిగి లోకం మీద పెట్టడమే దుఃఖం చేసే పని అన్నాడాయన. విడదీసుకోలేనివాడు రోగి. ఈ మాట దశాబ్దాల పాటు చెలామణి అయింది. కానీ 1920లో ఫ్రాయిడ్ కూతురు సోఫీ చనిపోయింది. తొమ్మిదేళ్ళ తరువాత, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఆ ఖాళీ ఎన్నటికీ నిండదనీ, నిండకుండా ఉండటమే సరైనదనీ ఆయనే ఒప్పుకున్నాడు. సిద్ధాంతకర్త చెప్పినదానికి తండ్రి సవరణ రాసుకున్నాడన్నమాట.

1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పిన ఐదు దశలు (నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు) మన వారపత్రికల దాకా వచ్చాయి. ఆవిడ మాట్లాడింది చావు దగ్గరపడ్డ రోగులతో. ఆ దశల్ని లోకం తీసుకెళ్ళి, వెనక మిగిలినవాళ్ళకి తొడిగింది. దుఃఖం మెట్లెక్కినట్టు నడవదని తరువాతి పరిశోధకులు తేల్చారు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన నమూనాలో మనిషి ఊయల మీద ఉంటాడు. ఒకసారి పోయినవారి వైపు, ఒకసారి పొయ్యి, పొలం, పిల్లల ఫీజుల వైపు. రెండు వైపులా ఊగడమే ఆరోగ్యం. అంతకు ముందే 1996లో డెన్నిస్ క్లాస్, ఆయన సహచరులు ఫ్రాయిడ్ పాత సూత్రాన్ని తిరగేశారు. పోయినవాళ్ళతో బంధం తెగదు, రూపం మారుతుంది, అది జబ్బు కాదు అన్నారు. కొడుకును పోగొట్టుకున్న డేవిడ్ కెస్లర్ 2019లో ఐదు దశలకు ఆరోది కలిపి, దానికి అర్థం వెతుక్కోవడం అని పేరు పెట్టాడు.

ఇంతా చదివాక ఒక లోటు కనిపిస్తుంది. ఈ పుస్తకాల్లో చాలావాటిలో దుఃఖించేవాడు ఒంటరి. కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఒక నిపుణుడితో, తన లోపలికి చూసుకుంటాడు. ఏటి ఒడ్డున మాత్రం ముప్ఫై మంది ఉన్నారు.

ఒక యుద్ధం, ఒక చెల్లెలు

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఒక పక్క విజయనగరం రాజు పెద విజయరామరాజు, ఆయనకు తోడు ఫ్రెంచి సేనాని బుస్సీ. ఇంకో పక్క బొబ్బిలి వెలమ దొరలు. కోట నిలవదని తెలిశాక లోపల ఆడవాళ్ళనూ పిల్లలనూ తమవాళ్ళే చంపుకున్నారు. కొద్ది రోజులకే బొబ్బిలి పక్షాన తాండ్ర పాపారాయుడు రాజు డేరాలోకి చొరబడి పెద విజయరామరాజును చంపాడు. గెలిచిన ఊరికీ ఓడిన ఊరికీ శవాలే మిగిలాయి.

బొబ్బిలిలో ఆ పోరుకు స్మారక స్తంభం నిలబెట్టారు. విజయనగరం దుఃఖం ఇంకో దారి పట్టింది. అన్న చావు తట్టుకోలేక చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువు దగ్గర ప్రాణం విడిచిందనీ, తరువాత అదే చెరువులో విగ్రహమై దొరికిందనీ ఊరు చెప్పుకుంటుంది. ఆవిడే పైడితల్లి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమాను తిరుగుతుంది. పొడుగాటి చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, తెల్లఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. చెరువు నీళ్ళలోంచి అమ్మను పైకి తెచ్చినవాళ్ళ గుర్తుగా ఆ వల ఊరేగుతుందంటారు. చదురుగుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. చెల్లెలు ఏటా అన్నగారి గుమ్మం దాకా వచ్చి వెళుతుంది.

చరిత్ర ఎంత, కథ ఎంత అని విడదీయడం ఇక్కడ పని కాదు. ఊరు చేసిన ఎంపికను గమనించాలి. యుద్ధం గెలిచిన రాజును దేవుణ్ణి చెయ్యలేదు, ఆ గెలుపు ఖరీదుకు గుండె పగిలిన ఆడమనిషిని దేవతను చేసింది. వీరత్వానికి కాదు, దుఃఖానికి గుడి కట్టింది. ఆ గుడికి ఆనాటి వంశంతో సంబంధం లేని లక్షల మంది తమ సొంత బాధలు పట్టుకుని వస్తున్నారు. ఒక ఇంటి చావు ఊరి సొత్తు ఎలా అవుతుందో చూపడానికి తెలుగునాట ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

ఏటా వచ్చే పెద్దలు

ఇళ్ళల్లో జరిగేది ఇంత ఆర్భాటంగా ఉండదు. ఉత్తరాంధ్రలో సంక్రాంతి ముగ్గుల పండగా, కోడిపందేల పండగా కాకముందే పెద్దల పండగ. ఆకులో అన్నం, కూరలు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. కొన్న కొత్తబట్టలు ఆకు ముందు పెట్టి, పేరుపేరునా తలుచుకుని, వాళ్ళకి చూపించాకే కట్టుకుంటారు. హైదరాబాదు, చెన్నై, సూరతుల్లో కూలికో కొలువుకో పోయినవాళ్ళు రైల్లో సామాన్ల అరలమీద పడుకుని అయినా ఆ రోజుకు ఊరు చేరేది ఇందుకే. బతికున్నవాళ్ళని చూడటానికి ఫోనుంది. పోయినవాళ్ళకి బట్ట చూపించాలంటే ఇంటికే రావాలి.

గార మండలం శ్రీకూర్మం కూడా ఈ లెక్కలోనిదే. పడమటి ముఖంగా ఉన్న కూర్మనాథుడు, రెండు ధ్వజస్తంభాలు, ఎదురుగా శ్వేత పుష్కరిణి. కాశీ వెళ్ళలేనివాళ్ళు ఇక్కడ పితృకర్మలు చేస్తారు. పుష్కరిణిలో కలిపిన అస్థికలు సాలగ్రామాలవుతాయని నమ్మకం. బూడిద నీళ్ళలో కరిగిపోయిందనుకోవడానికీ, రాయిగా మారిందనుకోవడానికీ చాలా తేడా ఉంది. రాయికి చోటుంటుంది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలు కట్టినవాళ్ళకీ ఇది తెలుసు. బుద్ధుని దంతాన్ని దాచారని బౌద్ధ గ్రంథాలు చెప్పే కళింగ దంతపురం, ఆమదాలవలస దగ్గరి దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారులంటారు. ఆ కథలో ఒక్క పన్ను కోసం రాజ్యాలు తగువులాడతాయి. చివరికి అది సింహళం చేరుతుంది. మనిషి పోయాక మిగిలింది ఎంత చిన్నదైనా దానికి చోటు వెతకడం ఈ నేలకు పాత అలవాటు.

ఆచారాన్ని పొగిడి ఊరుకుంటే మాత్రం సమీక్ష సగమే అవుతుంది. పెద్దదినం భోజనాలకు చేసిన అప్పు తీర్చడానికి పొలం తాకట్టు పెట్టిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టి, మెట్టెలు తీయించే తంతు అందరి కళ్ళముందే జరుగుతుంది. అందరినీ ఓదార్చే ఆచారం ఆవిడ ఒక్కదాన్నే శిక్షిస్తుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ నాటకం 'కన్యాశుల్కం' చూసి నవ్వుకున్న తరాలు ఎన్నో గడిచాయి. ఆ నాటకం వెనక ఉన్నది పసితనంలోనే విధవలైన ఆడపిల్లల బతుకు. గురజాడ ఆ నవ్వు పుట్టించిన ఊళ్ళల్లోనే ఆ తంతు పూర్తిగా పోలేదు. పోయినవాళ్ళకి చోటివ్వడం కోసం ఉన్నవాళ్ళ చోటు లాక్కునే ఆచారాన్ని రాజీ అనలేం.

సవరలు: మాట్లాడే మృతులు

ఈ విషయంలో ప్రపంచానికి ఉత్తరాంధ్ర సరిహద్దు కొండలు ఇచ్చిన పాఠం ఒకటుంది. మనకంటే పై దేశాల మానవశాస్త్రవేత్తలకే అది ఎక్కువ తెలుసు. సీతంపేట, భామిని కొండల నుంచి ఒడిశా గజపతి జిల్లా దాకా పరుచుకున్న సవరలు పోయినవాళ్ళతో మాట్లాడేవారు. ఉపమానానికి అంటున్న మాట కాదు. కూర్చుని, గంటల తరబడి, వాదించుకుంటూ మాట్లాడేవారు.

వాళ్ళ భాషను మొదట శ్రద్ధగా నేర్చుకున్న బయటివాడు మన గిడుగు రామమూర్తి. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలనే గురువులుగా పెట్టుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించాడు. వాడుక తెలుగు కోసం పోరాడినందుకు ఆయన పుట్టినరోజును భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అప్పటికి లిపి లేని కొండ మాటకు చెవి ఒగ్గిన సంగతి తక్కువగా తలుచుకుంటాం. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతంపై పెద్ద గ్రంథం తెచ్చాడు. 1975 నుంచి ఒడిశా వైపు సవర పల్లెల్లో బతికి, వాళ్ళ భాషలోనే ఆ సంభాషణలు విన్న పియర్స్ వితెబ్‌స్కీ 1993లోనూ 2017లోనూ రెండు పుస్తకాలు రాశాడు.

ఆయన చూపిన క్రమం ఇది. చనిపోయిన మనిషి సోనుమ్ అవుతాడు. ఎలా చనిపోయాడన్నదాన్ని బట్టి ఎక్కడుంటాడో తేలుతుంది. చిరుత చంపినవాడిది ఒక చోటు, హఠాత్తుగా ఘోరంగా పోయినవాడిది ఇంకొక చోటు. కొత్తగా పోయినవాడు ఒంటరితనంతో ఉంటాడు. తనవాళ్ళను తలుచుకుంటాడు. ఆ తలపే తనను చంపిన జబ్బుగా వాళ్ళకు తగులుతుంది. అందుకని పిలిచి అడగాలి. కురన్, చాలాసార్లు ఆడమనిషి, పూనకంలోకి వెళుతుంది. ఆవిడ నోట ఒకరి తరువాత ఒకరుగా మృతులు వస్తారు, కల్లు అడుగుతారు, ఏడుస్తారు, నిందిస్తారు, హాస్యమాడతారు. "నన్ను సరిగా చూసుకోలేదు" అని తండ్రి అంటే కొడుకు జవాబు చెప్పుకుంటాడు. ఇది ఒక్కరోజుతో అయ్యేది కాదు. రాయి నాటుతారు, ఏళ్ళపాటు కర్మలు చేస్తారు. మెల్లమెల్లగా ఆ మృతుడి కోపం చల్లారి, కీడు చేసేవాడు కాస్తా వంశాన్ని కాచే పెద్దవాడవుతాడు. అతని పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. చిట్టచివర, తలుచుకునేవాళ్ళూ పోయాక, ఆ మృతుడు సీతాకోకచిలుక అయిపోతాడు. ఇక మాట్లాడడు.

ఫ్రాయిడ్ చెప్పిన విడదీసుకోవడం, క్లాస్ చెప్పిన తెగని బంధం, స్ట్రోబ్ చెప్పిన ఊయల, మూడూ ఇందులో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఇంకొకటి కూడా ఉంది. ఇక్కడ చనిపోయినవాడు కూడా దుఃఖిస్తాడు. రాజీ రెండువైపులా జరగాలి. ఏటి ఒడ్డున కాకితో మాట్లాడే మన పెద్దావిడ ఇదే పనిని అరగంటలో, ఒక్క పక్షిని అడ్డంపెట్టుకుని చేస్తోంది. కొండమీద అది ఏళ్ళ తరబడి సాగిన వ్యవహారం.

వితెబ్‌స్కీ రెండో పుస్తకం ఆ వ్యవహారం ఆగిపోవడం గురించి. కొత్త తరం క్రైస్తవం వైపు, కొంతమంది హిందూ భజన మార్గాల వైపు వెళ్ళారు. దున్నపోతుల బలులకు చేసే అప్పులు తప్పాయి, బడి వచ్చింది, కొండ దిగితే చిన్నచూపు తగ్గింది. ఈ లాభాలను తేలిగ్గా తీసిపారెయ్యడం కొండ కింద కూర్చున్నవాళ్ళ విలాసం. అయితే తండ్రి స్వర్గంలో ఉన్నాడని కొడుక్కి తెలుసు గానీ, తండ్రి తనతో ఏమంటాడో వినే దారి మూసుకుపోయింది. ఓదార్పు దొరికింది, సంభాషణ పోయింది.

సముద్రం తిరిగివ్వనివాళ్ళు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. చేపలరేవులు చాలక, గంగపుత్రులు గుజరాత్ వెరావల్ దాకా వలసపోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ జైలు పాలై, ఎక్కువమంది 2020 జనవరిలో ఇల్లు చేరారు. వాళ్ళు బతికి వచ్చారు. రానివాళ్ళ సంగతి వేరు. పడవ మునిగి శవం దొరకని ఇంట్లో బొట్టు తీయాలో ఉంచాలో ఆ ఆడమనిషికి ఎవరు చెబుతారు? ఏడేళ్ళు జాడ లేకపోతే మనిషి పోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. చట్టానికి ఏడేళ్ళు ఒక అంకె. ఆమెకు రోజూ సాయంత్రం ఒడ్డున పడవలు లెక్కపెట్టడం.

అమెరికా పరిశోధకురాలు పౌలీన్ బాస్ ఇటువంటిదానికి సందిగ్ధ నష్టం అని పేరు పెట్టింది. యుద్ధంలో జాడ తెలియకుండాపోయిన సైనికుల భార్యలతో మొదలైన అధ్యయనం అది. ఈ దుఃఖం ముగియదనీ, ముగింపు కోసం ఒత్తిడి పెట్టకూడదనీ ఆవిడ వాదం. పిండం పెట్టడానికే దినం తెలియని ఇంటికి కాకి ఎక్కడినుంచి వస్తుంది? మన ఆచారాల్లో చాలావరకు శవం ఉందనుకుని అల్లినవి. వాటి హద్దు అక్కడ తెలుస్తుంది.

ఆశయానికి ఇచ్చిన చావులు

1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. అక్కడినుంచి రగిలిన శ్రీకాకుళ గిరిజన రైతాంగ ఉద్యమంలో ఎందరో పోయారు. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉంటూ జముకుల కథను ప్రజల చేతికిచ్చిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. బొడ్డపాడు నుంచి కొడుకుల్నీ కూతుళ్ళనీ పోగొట్టుకున్న ఇళ్ళు ఒకటి రెండు కావు. ఊళ్ళో స్తూపం ఉంది. ఏటా సభ జరుగుతుంది, పాట ఉంటుంది, పేర్లు చదువుతారు. సంక్రాంతినాడు ఆకు ముందు పేర్లు తలచినట్టే.

2010 జూలై 14న సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా నిలబడ్డ జనంమీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదేరోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. బీల అని పిలిచే అక్కడి చిత్తడి భూములు మిగిలాయి. పొలం తడిసినప్పుడల్లా ఆ చావులు ఊరికే పోలేదని చెప్పుకునే వీలు అక్కడి రైతులకు ఉంది.

అర్థం దొరకడమంటే ఇదేనని కెస్లర్ అనవచ్చు. ఒప్పుకుంటూనే ఒక హెచ్చరిక చేర్చాలి. అమరుడి తల్లిని సభలో ముందు వరుసలో కూర్చోబెడతాం. ఆవిడ గర్వంగా ఉండాలని ఆశిస్తాం. ఆవిడకు ఆ రోజు కొడుకు ఇష్టంగా తినే చేపల పులుసు గుర్తొస్తే? ఆశయం ఇచ్చిన అర్థం సమూహానికి సరిపోవచ్చు. తల్లికి దానితోపాటు శోకాలు పెట్టి ఏడ్చే హక్కూ కావాలి.

ఉద్దానం: జవాబు లేని చావు

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఉద్దానంలో ఉంది. కొబ్బరి, జీడి తోటల పచ్చదనానికి ఆ పేరు వచ్చింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఏడు మండలాల్లో మూత్రపిండాల జబ్బు రెండు మూడు దశాబ్దాలుగా ఇళ్ళు ఖాళీ చేస్తోంది. విశాఖ నెఫ్రాలజీ వైద్యులు మొదట దీన్ని లెక్కపెట్టి లోకం ముందు పెట్టారు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం 2,210 మందిని పరీక్షించి, అందులో 18 శాతానికి పైగా జబ్బు ఉందని తేల్చింది. వాళ్ళలో చాలామందికి షుగరు, బీపీ వంటి మామూలు కారణాలు కనబడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఉన్న మిస్టరీ ఇదే. నీళ్ళా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? అన్నిటి మీదా అనుమానాలే. నిర్ధారణ లేదు.

2018 అక్టోబర్ 11న వచ్చిన తిత్లీ తుఫాను ఆ తోటలనూ పడగొట్టింది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు పోతే మళ్ళీ అంత చెట్టు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఒకే ఇంట్లో తండ్రి డయాలసిస్ మీద, తోట నేలమీద. తరువాత సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది, 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ రోగులకు పింఛను ఇస్తున్నారు. ఇవన్నీ కావలసినవే. కానీ ఉద్దానం ఇంట్లో అడిగే ప్రశ్న వేరు. "ఏటి తిన్నామని? ఏటి తాగినామని?"

ఈ ప్రశ్నకు కర్మ అనీ, రాత అనీ జవాబు చెప్పడం తేలిక. చెప్పేవాళ్ళున్నారు. నా మట్టుకు అది ఓదార్పు కాదు, నోరు మూయించడం. పైడితల్లి కథలో అన్నను ఎవరు చంపారో ఊరికి తెలుసు. సవర కురన్ ముందు మృతుడు తాను ఎలా పోయాడో చెబుతాడు, ఆ తరువాతే అతనికి చోటు తేలుతుంది. సోంపేటలో తూటా ఎక్కడినుంచి వచ్చిందో అందరూ చూశారు. ఈ మూడింటిలో ఎక్కడా అర్థం ముందు రాలేదు. ముందు నిజం వచ్చింది, దాని వెనక అర్థం వచ్చింది.

అందుకే ఈ సమీక్ష చివర నా తూకం ఇలా ఉంది. పోయినవాళ్ళను మరిచిపొమ్మని చెప్పే పాత సిద్ధాంతం ఈ నేలమీద ఎన్నడూ నిలవలేదు, ఇప్పుడు పుస్తకాల్లోనూ నిలవడం లేదు. అర్థం వెతుక్కోమనే కొత్త సలహా మంచిదే గాని, ఆ బరువంతా దుఃఖించేవాడి ఒక్కడి నెత్తినే పెడుతుంది. ఇక్కడి జనం చావుతో రాజీపడింది లోపలికి చూసుకుని కాదు, అడిగి. కాకిని అడిగారు, కురన్‌ను అడిగారు, అమ్మవారిని అడిగారు. అడిగినప్పుడు వినేవాళ్ళున్నారు, విన్నాక ఎవరో ఒకరు మాట ఇచ్చారు.

ఉద్దానంలో అడిగే గొంతులున్నాయి. జవాబు చెప్పాల్సింది ఈసారి చెట్టుమీది పక్షి కాదు, ప్రయోగశాలలూ ప్రభుత్వాలూ. తోటల మధ్య ఆకులో పిండం అలాగే ఉంది. ఎండ ఎక్కుతోంది.